బేస్తవారం నాటి నీలం రేకు

ఎనిమిదేళ్లు ఒక ఉక్కు రేకును దాచాను. నా చూపుడు వేలంత పొడవు, అందులో సగం వెడల్పు. తూకం వేస్తే ఒక బిస్కెట్టంత బరువు కూడా ఉండదు. అంత చిన్నదాన్ని మోయలేక నేను ఎన్ని ఇళ్లు మారానో, ఎన్ని అలమరల్లో ఎన్ని చీరల అడుగున దాన్ని తోశానో తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండదు.

నా పేరు చెప్పను. చెబితే మా షెడ్డు ఏదో తెలిసిపోతుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని రెండుసార్లు ప్రయత్నించాను. మా అక్కతో ఒకసారి "అప్పట్లో పనిలో ఒక పొరపాటు జరిగిందిలే" అని మొదలుపెట్టాను. మొదలుపెట్టిన తీరులోనే తెలిసిపోయింది, నేను మళ్లీ తప్పించుకుంటున్నానని. అది జరగలేదు. నేను చేశాను.

బెంగళూరు బొమ్మనహళ్ళిలో, హోసూరు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో మా షెడ్డు ఉంది. ఆ చుట్టుపక్కల ఉన్నవన్నీ గార్మెంటు యూనిట్లు. గుడ్డను వంద పొరలు పేర్చి మిషనుతో ఒకేసారి కోస్తారు కదా, ఆ మిషను కత్తులు మా దగ్గర తయారవుతాయి. పొడవైన, పల్చటి కత్తులు. మాది చింతామణి వైపు పల్లె. మెకానికల్ డిప్లొమా చేసి ఇరవై నాలుగో ఏట ఆ షెడ్డులో చేరాను. అందరూ మగవాళ్లే, నేనొక్కదాన్నే ఆడపిల్లను. నాకు నోరెక్కువ. ఇప్పటికీ ఎక్కువే, కాకపోతే అప్పట్లో దాన్ని తెలివి అనుకునేదాన్ని.

అక్కడ వేడి పనంతా ఒక పెద్దమనిషి చేతిలో ఉండేది. ఇక్కడ ఆయన్ని మునెప్ప మామ అంటాను. అసలు పేరు అది కాదు. ఆయన వాళ్లది బెంగళూరులో మూడు తరాల పాత తెలుగు కుటుంబం. బడికి పోయింది నాలుగో తరగతి వరకే. నిప్పును, ఉక్కును చూసీ చూసీ పని నేర్చినవాడు.

పని ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ముందు కత్తిని కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతాం. ఉక్కు గట్టిపడుతుంది. గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. ఆ పెళుసుతనం పోగొట్టడానికి కత్తిని శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఉప్పు తొట్టిలో రెండు గంటలు ఉంచుతాం. వంటింటి ఉప్పు కాదు, సూరేకారం జాతి ఉప్పులు. కరిగితే నీళ్లలా తేటగా ఉంటాయి. ఆ వేడి రెండు వందల డిగ్రీల దగ్గర నిలబడాలి. మూడు వందలకు పోయిందా, కత్తి మెత్తబడిపోతుంది, అంచు నిలవదు.

చిక్కంతా ఆ తొట్టితోనే. కొలిమిలా అది ఎర్రబడదు, పొగ రాదు, బుడగలు రావు. రెండు వందలప్పుడు ఎలా ఉంటుందో మూడు వందలప్పుడూ అలాగే ఉంటుంది. ఊరికే చూసి వేడిని కనిపెట్టలేం. కత్తుల మీద రంగు చూద్దామంటే అవి కొలిమిలోంచే నల్లగా పొలుసు కట్టి వస్తాయి. అందుకని మునెప్ప మామ రోజూ ఒక రేకుముక్కను ఎమరీ కాగితంతో అద్దంలా రుద్ది, కత్తులు దించేముందు దాన్ని తొట్టిలో ముంచి తీసేవాడు. వేడి సరిగ్గా ఉంటే రేకు మీద లేత గడ్డిరంగు వస్తుంది. పెరిగితే గోధుమ రంగు, ఇంకా పెరిగితే ఊదా, ఆపైన నీలం. రేకు చివర ఆకురాయితో గంట్లు పెట్టేవాడు, సోమవారానికి ఒకటి, మంగళవారానికి రెండు, అలా శనివారానికి ఆరు. పెట్టి కిటికీ దగ్గర తీగకు తగిలించేవాడు. ఆ వారమంతా ఎలా గడిచిందో ఆ తీగ చూస్తే తెలిసేది. ఎప్పుడు చూసినా ఒకే గడ్డిరంగు రేకులు వరసగా వేలాడుతుండేవి.

నేను చేరిన కొన్నాళ్లకు తొట్టికి మీటరు పెట్టించాలని పట్టుబట్టాను. తొట్టిలో ఒక కమ్మీ దించి ఉంచితే అది వేడిని కొలిచి అంకెల్లో చూపిస్తుంది, వేడి తగ్గితే పెంచుతుంది, పెరిగితే ఆపుతుంది. యజమాని నెల రోజులు నాన్చాడు. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకని మిగతావాళ్లు వెక్కిరించారు. చివరికి నా వైపు మాట్లాడింది ఎవరనుకున్నారు? మునెప్ప మామే. "పాప చెప్పేది సరిగా ఉండాది, తెప్పించండప్పా. నా కండ్లు ఎన్ని దినాలుంటాయి" అన్నాడు. మీటరు వచ్చింది. ఆయన మాత్రం రేకు ముంచడం మానలేదు. నాకు అది ముచ్చటగా ఉండేది. నిజం చెప్పాలంటే కాస్త చిరాగ్గా కూడా ఉండేది. మీటరు పక్కన రేకు ఎందుకు? నా మాట మీద నమ్మకం లేకనా?

మీటరు వచ్చిన మూడో నెలలో ఒక గురువారం. పొద్దున్నే ఆయన రేకు ముంచి తీసి నన్ను పిలిచాడు.

"పాపా, స్వల్ప ఇట్ల రా. నీలం వచ్చేసుండాది."

నేను మీటరు చూశాను. "రెండు నూర్లే చూపిస్తా ఉండాది మామా."

"రెండు నూర్లకి నీలం యాడనించి వస్తాది? తొట్టి బాగా కాగిండాది. నిలిపేయి."

"మీటరుకి వయసు అయిపోదు మామా. కండ్లకే అయ్యేది."

నవ్వుతూనే అన్నాను. అక్కడున్న ఇద్దరు ముగ్గురూ నవ్వారు. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. రేకు పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్లు చిట్లించి మళ్లీ చూశాడు. తర్వాత "సరే పాపా, నువ్వు చదువుకున్నదానివి" అని నాలుగు గంట్లు పెట్టి రేకును తీగకు తగిలించి, కత్తులు తొట్టిలోకి దించాడు.

ఆయన చేతిలోని రేకును నేను చూడనేలేదు. మీకు ఇది తప్పకుండా చెప్పాలి. రెండడుగులు వేసి ఉంటే కనిపించేది. చూడాల్సిన అవసరమే లేదనుకున్నాను.

మధ్యాహ్నం కత్తులు తీసి చల్లారబెట్టి అందరూ భోజనానికి పోయారు. నేను తొట్టి దగ్గర ఉన్నాను. అప్పుడు చూశాను. మీటరు కమ్మీ జానెడు పైకి లేచి ఉంది. దాని కొస ఉప్పులో ఉందంటే ఉంది, లేదంటే లేదు. ముందురోజు సాయంత్రం కత్తుల బుట్టను పైకి లాగుతుంటే ఏదో తగిలినట్టయిన సంగతి గుర్తొచ్చింది. బుట్ట లాగింది నేనే. కమ్మీని కిందికి తోసి మర బిగించాను. మీటరు మీద అంకెలు ఎక్కడం మొదలుపెట్టాయి. రెండు వందల ఇరవై. రెండు వందల అరవై. మూడు వందల ఎనిమిది దగ్గర ఆగాయి.

నేను కిటికీ వైపు తిరిగాను. తీగ మీద మూడు గడ్డిరంగు రేకులు, వాటి పక్కన ఒకటి నిండు నీలం.

అప్పుడైనా ఏమీ మించిపోలేదు. కత్తులు మా షెడ్డులోనే ఉన్నాయి. మళ్లీ కొలిమిలో పెట్టి గట్టిపరిస్తే బాగుపడేవి, ఒక రోజు పని. "మామా, నువ్వే కరెక్టు" అనే మూడు మాటలు చాలు. ఎందుకు అనలేదు? చాలా ఏళ్లు నాకు నేను ఒక జవాబు చెప్పుకున్నాను. కొత్త ఉద్యోగం, ఒక్కదాన్నే ఆడపిల్లను, నేను తెప్పించిన మీటరు మూడు నెలలకే పేరు చెడగొట్టుకుంటే ఇంక నా మాట ఎవరూ వినరని. అది అబద్ధం కాదు. కానీ అసలు సంగతి అది కూడా కాదు. పొద్దున అందరి ముందూ నవ్వించాను కదా, సాయంత్రం అదే అందరి ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. దానికి నాకు నోరు పెగల్లేదు. అంతే. ఇంత చిన్న కారణమా అని మీకనిపించవచ్చు. నాకూ అదే అనిపిస్తుంది.

ఇంకొకటి చేశాను. నా చెయ్యి దానంతట అదే తీగ మీదికి పోయింది అని ఇక్కడ రాసి కొట్టేశాను. నా చెయ్యి నేను చెప్పకుండా ఎక్కడికీ పోదు. రేకును తీసి నా టిఫిను సంచిలో వేసుకున్నాను.

వారం తిరక్కుండా కత్తులు వెనక్కొచ్చాయి. అరగంటకే మొద్దుబారి గుడ్డను నమిలేస్తున్నాయని గార్మెంటువాళ్లు యజమాని మీద విరుచుకుపడ్డారు. యజమాని మంచివాడే, ఎవర్నీ ఊరికే అనేవాడు కాదు. ముందు మీటరునే అనుమానించాడు. బయటి నుంచి ఇంకో మీటరు తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకే అంకె చూపించాయి. చూపించకేం? కమ్మీ సరిగ్గా ఉంది, మర గట్టిగా ఉంది. అంటే తొట్టిలో తప్పు లేదు. తప్పు కొలిమి దగ్గర జరిగి ఉండాలి. కొలిమిలో ఎరుపు ఎంత రావాలో చూసేది మునెప్ప మామ కళ్లే, అక్కడ మీటరు లేదు.

అప్పుడు మామ తనంతట తానే చెప్పాడు, ఆ రోజు రేకు తనకు నీలంగా కనపడిందని. దాచిపెట్టడం ఆయనకు తెలియదు. యజమాని ఆ రేకు చూపించమన్నాడు. మామ తీగ మీద వెతికాడు, పాత రేకుల డబ్బా కుమ్మరించి ఒక్కొక్క దాని గంట్లూ వేలితో లెక్కపెట్టాడు. ఆ వారపు నాలుగు గంట్ల రేకు ఒక్కటే లేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. చేతిలో కత్తుల లెక్క పుస్తకం ఉంది, అందులోకే చూస్తూ ఉన్నాను. రెండు వందల డిగ్రీల దగ్గర నీలం కనపడిందంటున్నాడు, చూపించమంటే రేకు లేదు. ఆయన నిజాయితీగా చెప్పిన మాటే ఆయన కళ్లు చెడ్డాయనడానికి రుజువైంది. ఎవరూ తిట్టలేదు. జాలిగా చూశారు. ఆ జాలి చూపులో నేనూ ఒక చూపు కలిపాను.

మర్నాడు తన ఆకురాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు ఆ దినం చెప్పినది నిజమే పాపా. కండ్లు పోయినాయి. ఇది నువ్వే పెట్టుకో" అన్నాడు. ఇంక పనిలోకి రాలేదు. యజమాని ఆయన ఇంటికి పోయి పిలిచినా రాలేదు.

ఆయన కూతురు నాకు అప్పుడప్పుడు ఫోను చేసేది. మా నాన్నకు నువ్వంటే అభిమానం అనేది. కళ్లాసుపత్రిలో చూపిస్తే వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయన్నారట. ఆయన నమ్మలేదు. టీవీఎస్ బండి తోలడం మానేశాడు. తర్వాత కె.ఆర్.పురంలో కూతురి ఇంటికి చేరాడు. టొమేటాలు పండాయో లేదో అమ్మేవాడినే అడుగుతాడట. ఇంటి ముందే రోడ్డు, ఆ పక్కనే నడిచి దాటేవాళ్ల సిగ్నలు. దాటాలంటే పక్కనున్న మనిషిని "ఎరుపా, పచ్చా?" అని అడుగుతాడట. పైది వెలిగితే ఎరుపు, కిందది వెలిగితే పచ్చ, అంతే కదా నాన్నా అని కూతురంటే "అది గూడా కండ్లతోనే గదా చూడాల" అన్నాడట. కూతురు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక బస్సులో ఎక్కడ దిగాలో మర్చిపోయాను.

ఈలోగా వేడి పనంతా నా చేతికి వచ్చింది. మీకొక వింత చెప్పనా? మునెప్ప మామ పని మానేసిన మూడో రోజు నుంచే నేను రేకు ముంచడం మొదలుపెట్టాను. ఆయన ఆకురాయితోనే గంట్లు పెడుతూ వచ్చాను. ఎనిమిదేళ్లలో ఒక్క రోజు మానలేదు. అది ప్రాయశ్చిత్తమా? అంత పెద్ద మాట నాకొద్దు. మీటరు మీద నాకు నమ్మకం పోయింది, అంతే. నా మీద కూడా.

పోయిన నెలలో ఒక రోజు మీటరు రెండు వందలు చూపిస్తుంటే రేకు గోధుమ రంగులో వచ్చింది. పని ఆపేశాను. చూస్తే కమ్మీ పాతబడి తప్పు చూపిస్తోంది. ఒక పెద్ద సరుకు పాడవకుండా మిగిలింది. యజమాని అందరినీ పిలిచి, "కళ్లంటే ఈ అమ్మాయివి! మునెప్ప కళ్లు మంచిగా ఉన్నప్పుడు ఇట్లే ఉండేవి" అని మెచ్చుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను చేతులు తుడుచుకునే గుడ్డ కోసం వెతుకుతున్నాను. ఆ రోజు నుంచి సరిగ్గా తిండి తినలేదు.

ఈ రోజు ఆదివారం. పొద్దున బస్సెక్కి కె.ఆర్.పురం పోయాను. సంచిలో రేకు ఉంది. తుప్పు పట్టకుండా ఇన్నేళ్లూ నూనె రాస్తూ వచ్చాను. చూశారా, నేరాన్ని కూడా ఎంత శ్రద్ధగా కాపాడానో.

మామ వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి ముఖం విప్పారింది. కూర్చోమనేలోపే రేకు ఆయన చేతిలో పెట్టాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

"ఇది ఏం రంగు మామా?"

ఆయన అలవాటుగా లోపలికి తిరిగి కూతుర్ని కేకేయబోయాడు. వద్దన్నాను. నువ్వే చెప్పాలన్నాను. ఈలోపు ఆయన బొటనవేలు రేకు చివరికి పోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"బేస్తారం" అన్నాడు. ఆయన వైపు గురువారాన్ని అలాగే అంటారు.

రేకును ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. చివరికి, గట్టిగా అంటే ఎవరైనా కాదంటారేమోనన్నట్టు మెల్లగా, "నీలం" అన్నాడు.

అప్పుడు చెప్పాను. బుట్ట, కమ్మీ, మర, అంకెలు, తీగ, టిఫిను సంచి, లెక్క పుస్తకం, ఒక్కటి వదలకుండా. ఎక్కడా 'జరిగింది' అనలేదు. చేశాను, చేశాను అంటూ చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కటే అడిగాడు, కమ్మీ ఎంత పైకి లేచింది అని. జాన పెట్టి చూపించాను. "మూడు నూర్లు దాటింటాది" అన్నాడు. మూడు వందల ఎనిమిది అని చెప్పాను. తల ఊపాడు. ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఆయనకు ముందు పని సంగతే కావలసి వచ్చింది, నేను ఆ తర్వాతే.

ఆయన చేతులు మళ్లీ అనపకాయల మీదికి పోయాయి, కానీ ఒలవలేదు.

"ఎనిమిదేండ్లు టొమేటాలు గూడా అడిగి కొన్నా పాపా" అన్నాడు.

అంతే. తిట్టలేదు. పోనీలే అనలేదు. కాఫీ తాగుతావా అని కూడా అడగలేదు. ఆ ఇంట్లో కాఫీ ఇవ్వకుండా మనిషిని పంపడం ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు. క్షమించమని అడగాలని బస్సులో దారి పొడుగునా అనుకుంటూ పోయాను. తీరా అక్కడ అడగలేకపోయాను. ఇంత తీసుకున్నాక ఇంకొకటి ఇమ్మని చెయ్యి చాచడం నాకు సిగ్గనిపించింది. రేపు యజమానికి కూడా చెబుతానని మాత్రం అన్నాను. చెబుతాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో, ఆకురాయి మాత్రం మామకు తిరిగిచ్చేస్తాను. ఆయన రేకును చొక్కా జేబులో వేసుకున్నాడు. నాకు ఇవ్వలేదు, నేను అడగలేదు.

లేచి వచ్చేశాను. కళ్ల నిండా నీళ్లు. సంచి ఖాళీగా భుజానికి వేలాడుతుంటే అంత తేలిగ్గా ఎందుకుందో మొదట అర్థం కాలేదు. ముందు ఏముందో చూసుకోకుండా రోడ్డు మీదికి కాలు పెట్టాను.

"పాపా! నిలబడు! ఎరుపుండాది!"

వెనక్కి తిరిగాను. మునెప్ప మామ గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో కోపం అలాగే ఉంది. ఆయన పక్కన ఎవరూ లేరు, అడగడానికి.

పచ్చ పడే దాకా అక్కడే ఆగాను.